పాల డబ్బా కొలత

లాండ్రీ యజమానురాలు మంచిదే. రుమినిని కూర్చోబెట్టి టీ ఇచ్చింది, ఒక చొక్కా ఇస్త్రీ చేయించి చూసింది. కాలరు దగ్గర మడత చూసి "చెయ్యి తిరిగినదానివే" అని మెచ్చుకుంది కూడా. ఆ తర్వాతే, "పోలీసుల దగ్గర్నుంచి నడవడి బాగుందని కాయితం తెచ్చుకో, ఆ రోజు నుంచే పనిలోకి వచ్చెయ్" అంది. రుమిని తలూపి బయటికొచ్చేసింది. ప్రపంచంలో ఏ కాయితమైనా పుడుతుందేమో గానీ ఆ ఒక్కటీ ఆమెకు పుట్టదు. అంతకుముందు బత్తిక్ బట్టల కార్ఖానాలోనూ ఇదే మాట, రొట్టెల బట్టీలోనూ ఇదే మాట. పని రాదని మాత్రం ఎవరూ అనలేదు.

సోలో ఊరి చివర కాలువ గట్టున ఉన్న వాడలో, యులియాతి ఇంటి వెనక వరస గదుల్లో చివరిది రుమినిది. గదిలో ఒక చాప, గోడకో మేకు, చెయ్యి పట్టేంత కిటికీ. తలుపు గడియ మాత్రం లోపలి వైపు ఉంది. వచ్చిన రోజు రుమిని ఆ గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. బయట బట్టలారేస్తున్న పక్కగది అమ్మాయి ఆ చప్పుడు విని, "గడియ పట్టేస్తోందా అక్కా, కొబ్బరి నూనె పూయి" అని సలహా ఇచ్చింది.

గది ఉండటం వేరు, ఉండనివ్వడం వేరు. మా వాడల్లో కొత్త మనిషి దిగితే వాడపెద్దకు కనబడి గుర్తింపు కార్డు చూపించాలి. రుమిని కార్డు గడువు ఎప్పుడో దాటిపోయింది. కొత్తది కావాలంటే సొంత ఊరి నుంచి ఉత్తరం కావాలి. ఆ ఊళ్ళో ఉన్న అన్న, ఇటువైపు అడుగుపెట్టొద్దని ఫోన్లోనే చెప్పేశాడు. వాడపెద్ద హర్జో నలభై ఏళ్ళవాడు, మెత్తని మనిషి, ఎవరితోనూ తగువు పెట్టుకోడు. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "నీ మీద అనుమానమని కాదమ్మా, పద్ధతి. ఈ వాడవాళ్ళలో ఎవరైనా ఒకరు నా ముందుకొచ్చి 'ఈమెకు నేను పూచీ' అంటే చాలు. యులియాతి వదిన తన కూతురి పెళ్ళి చేస్తోంది, ఆ హడావిడి తీరేలోగా ఎవర్నైనా చూసుకో. లేకపోతే గది ఖాళీ చెయ్యాల్సి వస్తుంది" అన్నాడు.

వాడలో రుమినికి తెలిసిన మనిషి యులియాతి ఒక్కతే. పూచీ ఉంటే ఆవిడే ఉండాలి. అందుకే లాండ్రీ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం యులియాతి వచ్చి రుమిని గది ముందు ఆగి, "క్యాంటీన్లో వండేదాన్ని అన్నావుగా. రేపట్నుంచి వంటింట్లోకి రా. పెళ్ళిల్లు, ఎన్ని చేతులున్నా చాలవు" అన్నప్పుడు రుమినికి ప్రాణం లేచొచ్చింది. పెళ్ళింటి వంటకి పిలిచారంటే వాడలో మనిషి కింద లెక్క. పని చూస్తే ఆవిడే పూచీ ఉంటుంది, అడగక్కర్లేకుండానే ఉంటుంది అనుకుంది.

మర్నాడు పెరట్లో పందిరి కింద వాడలోని ఆడవాళ్ళంతా చేరారు. కొబ్బరి తురిమేవాళ్ళు, ఉల్లిపాయలు ఒలిచేవాళ్ళు, మాంసం ముక్కలు కొట్టేవాళ్ళు, అన్నిటికంటే ముఖ్యంగా మాట్లాడేవాళ్ళు. కొబ్బరి తురుము దగ్గర హర్జో తల్లి పార్తి పీటేసుకుని కూర్చుంది. ఆవిడకు పళ్ళు లేవు, నోరుంది. ఒక పక్కగా బియ్యం గది. ఆ గదిలోకి అన్నం చూసుకునే పెద్దావిడ తప్ప ఇంకెవరూ అడుగుపెట్టరు. పెళ్ళి బియ్యం మీద చెడ్డ చేతులు పడితే ఎంత వండినా చాలదని మావాళ్ళ నమ్మకం. ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా, ఏ చావుకైనా ఆ పెద్దావిడ ఒకరే, కాసియెం అవ్వ. అరవై దాటినా ఎండు చేపలా గట్టిగా ఉంటుంది. ఆవిడ అన్నం చూసుకున్న ఏ విందులోనూ అన్నం తక్కువైందన్న మాట రాలేదు.

రుమిని బియ్యం కడుగుతుంటే అవ్వ వెనక నిలబడి కాసేపు చూసింది.

"బియ్యం కడుగుతున్నావా, బుజ్జగిస్తున్నావా? పిండి ఊడేలా రుద్దు."

రుమిని మోచేతుల దాకా ముంచి రుద్దింది. మూడో నీళ్ళు తేటపడ్డాయి.

"ఆ, బలముంది. నా దగ్గరే ఉండు" అంది అవ్వ, పొగిడినట్టు కాకుండా.

ఆ పూటంతా రుమిని అవ్వ దగ్గరే ఉంది. నానిన బియ్యాన్ని వెదురు బుట్టకెత్తి రాగి గుండిగ మీద ఆవిరికి పెట్టడం, సగం ఉడకగానే తొట్టిలో గుమ్మరించి మరిగే నీళ్ళు చల్లి కలియబెట్టడం, నీళ్ళు పీల్చుకున్నాక మళ్ళీ ఆవిరికెక్కించడం. పొగకి కళ్ళు మండుతున్నా హాయిగానే ఉంది. ఎవరో బెల్లం ముక్క నోట్లో పెట్టారు. "పెళ్ళైందా? పిల్లలా?" అని అడిగారు. "ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలీదు" అంటే, "మా ఆయన ఎక్కడున్నాడో తెలిసీ ఏం లాభం లేదులే" అని పార్తి అందుకుంది. అందరితో పాటు రుమినీ నవ్వింది.

మధ్యాహ్నం పనివాళ్ళ భోజనం. అవ్వ ఎప్పటిలాగే తన ప్లేటు పట్టుకుని బియ్యం గదిలోకి పోయి తలుపేసుకుంది.

"అవ్వ మనతో తినదా?" అడిగింది రుమిని.

"ఎప్పుడూ తినలేదు. అన్నం పెద్దమ్మ కదా, నిష్ఠ" అన్నారెవరో.

యులియాతి పందిరి కిందకొచ్చి, "రుమినీ, అందరికీ అన్నం పెట్టు" అంది. రుమిని అన్నం వడ్డించే చెక్క హస్తం అందుకుని ప్లేట్లు వరసగా పరిచి మొదలుపెట్టింది. ఒక హస్తం పెట్టి అదిమింది, రెండోది పెట్టి అదిమింది, హస్తం అంచుతో పైన ఒక్క గీత గీసి మిగిలింది బుట్టలోకి తోసింది. పక్క ప్లేటు. మళ్ళీ పక్క ప్లేటు. ఏం చేస్తోందో ఆమెకు తెలీదు, చెయ్యి తన దారిన తను పోతోంది. తలెత్తి చూసేసరికి చాప మీద ప్లేట్లన్నిటిలో అన్నం ఒకే ఎత్తున, బల్లపరుపుగా ఉంది.

"అమ్మాయ్, అన్నం పెడుతున్నావా, ఇటుకలు పోస్తున్నావా?" అంది పార్తి. పందిరంతా నవ్వింది.

"ఆసుపత్రి క్యాంటీన్లో చేసుంటుంది. అక్కడ ఇట్లాగే కొలిచి పెడతారు" అంది ఇంకొకావిడ.

యులియాతి నవ్వలేదు. రుమిని తినేటప్పుడు మాత్రం కళ్ళు తిప్పకుండా చూసింది. రుమిని ఎడమ చెయ్యి ప్లేటు చుట్టూ వేసుకుని, తల వంచుకుని, పక్కవాళ్ళు నాలుగు ముద్దలు తినేలోపు మొత్తం తినేసింది. తిని, లేచి, ఖాళీ ప్లేటు ముందుకు చాచి నిలబడింది, ఎవరో వచ్చి చూసి పొమ్మంటే గానీ కదలకూడదన్నట్టు.

"ఏ క్యాంటీను?" అంది యులియాతి.

ఆసుపత్రి అన్న మాట ఎవరో అప్పుడే నోటికందించి ఉన్నారు, అందుకుంటే సరిపోయేది. మూడు చోట్ల మూడు రకాలుగా చెప్పి చెప్పి రుమిని విసిగిపోయి ఉంది. పైగా ఈ ఆడవాళ్ళు పొద్దున్నే బెల్లం పెట్టారు.

"జైల్లో" అంది.

"ఏం చేశావు?"

"మా ఆయన సరుకు మోశాను. మత్తు సరుకు."

"తెలీకనా?"

"తెలిసే."

ఎవరో ఉల్లిపాయల చేట ఒళ్ళోంచి దించిన చప్పుడు వినబడింది. యులియాతి గొంతు పెంచలేదు. పెళ్ళింట్లో గొంతు పెంచే మనిషి కాదావిడ. "పెళ్ళి ముందర మనిషిని వెళ్ళగొడితే మంచిది కాదు. పెళ్ళి కానీ. తర్వాత నీ దారి నువ్వు చూసుకో. అంట్లు తోము, నీళ్ళు మొయ్యి. అన్నం దగ్గరికి మాత్రం రాకు. నా పిల్ల పెళ్ళిలో అన్నం చాలకపోతే నేను తల ఎక్కడ పెట్టుకోను?"

బియ్యం గది తలుపు తెరుచుకుంది. ఆ గది తలుపు పలచనిది, అన్నీ వినబడతాయి.

"యులియాతీ, బియ్యం ఎవరి చేతిలో పెట్టావే?"

"మీ చేతిలోనే అవ్వా."

"అయితే బియ్యం ఎవరు కడగాలో నేను చెప్తాను. రేపు నాకు రెండు చేతులు కావాలి, ఆ రెండు చేతులే కావాలి. అన్నం తక్కువైతే నన్నడుగు."

అవ్వ మాట కాదంటే రేపు వండేదెవరు? యులియాతి పెదవులు బిగించి లోపలికెళ్ళిపోయింది. రుమిని ప్లేటు ఇంకా చాచి పట్టుకునే ఉంది. అవ్వ వచ్చి ఆ ప్లేటు లాక్కుని అంట్లలో పడేసింది.

పెళ్ళిరోజు వంటిల్లు యుద్ధమే. మా సోలో పెళ్ళిళ్ళలో అతిథి లేచి వడ్డించుకోడు. వరసల్లో కూర్చుంటే, వంటింట్లో నింపిన ప్లేట్లు పొడుగు పళ్ళేల మీద అతని దగ్గరికే వస్తాయి. వచ్చిన ప్లేటులో ఎంతుంటే అంతే. అందుకే ప్లేటు చూసి ఇంటివాళ్ళ మనసెంతటిదో తీర్పు చెప్పేస్తారు. రుమిని పెట్టిన మొదటి వరస చూసి అవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది.

"గీయకు."

"గీయను అవ్వా."

మళ్ళీ గీసింది. చెయ్యి ఆగితే కదా. ప్లేట్లు మోసే కుర్రాళ్ళు గుమ్మంలో తొందరపెడుతున్నారు. యులియాతి పట్టుచీర లాంటి కొత్త బత్తిక్ కట్టుకుని ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది. అవ్వ ఆమె చేతిలోంచి చెక్క హస్తం తీసేసుకుని, కూరల దగ్గరున్న కొబ్బరి చిప్ప గరిటె తెచ్చి పెట్టింది.

"దీనికి అంచు లేదు. గీద్దామన్నా గీయలేవు. పెట్టు, పెట్టి చెయ్యి వెనక్కి తీసుకో."

నిజమే, గుండ్రటి చిప్పతో గీత పడదు. అన్నం ఎలా జారితే అలా కుప్పగా కూర్చుంది. ఒక ప్లేటు, ఇంకో ప్లేటు. కాసేపటికి చెయ్యి వెతుక్కోవడం మానేసింది.

"ఇంత చిన్న ఉపాయం ఎట్లా తట్టిందవ్వా మీకు?"

"చిన్నదా?" అంది అవ్వ. "నాకు దొరకడానికి చాలా కాలం పట్టింది."

ఆ మాట అర్థమయ్యే తీరిక అప్పుడు లేదు. చివరి వరసలు కూడా లేచి, గుండిగలో అన్నం ఇంకా మిగిలి ఉండగా, అవ్వ తన ప్లేటుతో గదిలోకి పోయింది. పొద్దుటి నుంచీ ఆవిడ గొంతులో చుక్క నీళ్ళు పడలేదని రుమినికి గుర్తొచ్చింది. తీపి టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి తలుపు తట్టింది. తడితే ఆగాలి. చేతిలో గ్లాసు కాలుతుంటే మోచేత్తో నెట్టేసింది.

అవ్వ గోడ వైపు తిరిగి బియ్యం బస్తాల మధ్య గొంతుక్కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ప్లేటు చుట్టూ ఉంది. ప్లేటులో మిగిలిన అన్నం పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. పొద్దుటి చెక్క హస్తం పక్కనే ఉంది.

"తలుపు వెయ్యి" అంది అవ్వ, తిరక్కుండానే.

రుమిని వేసింది.

"మీకు దేంతో కొలిచేవాళ్ళు?"

"ప్లాస్టిక్ గిన్నెతో" అంది రుమిని.

"మాకు పాల డబ్బా. నిండా అన్నమని కాదులే, సగం జొన్నలే."

"మీరేం చేశారవ్వా?"

"ఆడవాళ్ళ సంఘంలో పాటలు పాడాను. పందొమ్మిదేళ్ళు నాకు. కమ్యూనిస్టులని పేరుపెట్టి సైన్యం జనాన్ని లారీల్లో ఎక్కించుకుపోయిన ఏడాది అది. కోర్టు లేదు, శిక్ష లేదు, ఎన్నాళ్ళని చెప్పినవాడు లేడు. వదిలేసేసరికి తల సగం నెరిసింది." టీ అందుకుని ఊదింది. "నువ్వు చేసి వెళ్ళావు, నేను చెయ్యకుండా వెళ్ళాను. డబ్బా కొలత మాత్రం ఇద్దరికీ ఒకటే."

"ఇక్కడ ఎవరికీ..."

"తెలిసినాయన ఒకడుండేవాడు, పోయాడు. తెలిస్తే ఈ చేత్తో పెట్టింది తింటారా? నిన్న విన్నావుగా."

"నేను చెప్పనవ్వా."

"చెప్పవని తెలుసు."

పూచీ ఉండమన్న మాట రుమినికి నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ పూచీ ఉంటే ఎందుకని అడుగుతారు. అడిగితే ఈ తలుపు ఉండదు. రుమిని ఖాళీ గ్లాసు తీసుకుని బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

మర్నాడు పెళ్ళివారి హడావిడి పోయి అంట్లు మిగిలాయి. రుమిని పొద్దున్నే తన సంచి కట్టుకుని తెచ్చి వంటింటి గుమ్మం పక్కన పెట్టి, గుండిగల ముందు కూర్చుంది. బూడిదతో మసి వదిలేదాకా తోమింది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, ఎవరూ తిట్టనూ లేదు. మిగిలిన అన్నం, కూరలు పంచుకుని అందరూ కలిసి తినే చివరి భోజనానికి చాపలు వేస్తుండగా హర్జో వచ్చాడు. యులియాతి పిలిపించింది.

అతనికి ఈ పని ఇష్టం లేదని మొహంలోనే ఉంది. గొంతు సవరించుకుని, "పద్ధతి ప్రకారం ఒకసారి అడగాలి. రుమినికి ఎవరైనా పూచీ ఉంటారా?" అన్నాడు.

ఆడవాళ్ళు ప్లేట్ల వైపు చూశారు. ఒకావిడ లేని ఈగను తోలింది.

"ఎవరూ లేరు హర్జో. ఇంకెందుకు అడగడం" అంది యులియాతి.

రుమిని చేతులు కడుక్కుని లేచింది. అప్పుడే బియ్యం గది తలుపు తెరుచుకుని అవ్వ వచ్చింది, చేతిలో ఖాళీ ప్లేటుతో. వచ్చి చాప మీద, ఆడవాళ్ళ మధ్యలో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆవిడ అక్కడ కూర్చోవడం ఎవరూ చూడలేదు. పక్కావిడ ఉలిక్కిపడి జరిగింది.

"రుమినీ, నాకు అన్నం పెట్టు."

రుమిని కదల్లేదు. ఆవిడ ఏం చెయ్యబోతోందో ఆమెకు తెలిసిపోయింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఆకలేస్తోందే. పెట్టు."

కొబ్బరి చిప్ప గరిటెతో రుమిని అన్నం పెట్టింది, కుప్పగా. అవ్వ చెక్క హస్తం అడిగి తీసుకుంది. అన్నం అదిమింది. అంచుతో ఒక్క గీత గీసి మిగిలింది బుట్టలోకి తోసింది. ఎడమ చెయ్యి ప్లేటు చుట్టూ వేసుకుని, తల వంచి, పక్కవాళ్ళెవరూ లేనట్టు గబగబా తినేసింది. తిని, మోకాళ్ళ మీద చెయ్యేసి లేచి, ఖాళీ ప్లేటు ముందుకు చాచి హర్జో ఎదుట నిలబడింది.

మొన్న ఈ పనంతా ఇంకొకరు చెయ్యగా చూసినవాళ్ళే అక్కడున్నవాళ్ళంతా. విడమర్చి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"అవ్వా..." అన్నాడు హర్జో.

"మాకు పాల డబ్బా కొలత. అలవాటు పోలేదు నాయనా. నిష్ఠా లేదు, ఏం లేదు. మీరు చూస్తారని తలుపేసుకునేదాన్ని." రెండో చేత్తో రుమిని వైపు చూపించింది. "ఈ పిల్లకు నేను పూచీ. మా ఇంట్లో వెనక వసారా ఉంది, విందులకు నాతో వస్తుంది. నన్ను మళ్ళీ పిలుస్తారో లేదో, నా మాట చెల్లుతుందో లేదో మీరు తేల్చుకోండి."

యులియాతి మొహం పాలిపోయింది. నిన్న తన కూతురి పెళ్ళి అన్నమంతా ఏ చేతుల మీదుగా పోయిందో ఆవిడ లెక్క వేసుకుంటోందని చూస్తేనే తెలుస్తోంది. నిన్న అన్నం మిగిలింది కూడా.

"చెల్లుతుంది" అంది పార్తి. ఆవిడ కొబ్బరి పీట మీంచి లేవలేదు. "ఒరే హర్జో, ఈవిడకి పూచీ ఉండి ఈ వాడలో పెట్టింది మీ నాన్నే. నేను పక్కనే ఉన్నాను."

అవ్వ పార్తి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలీకేం."

"మరి ఎన్నడూ అనలేదేం?"

"నువ్వు తలుపేసుకుంటే నేనెందుకు తట్టాలి?" అంది పార్తి. "వీడి సున్తీ విందుకి అన్నం ఎవరు చూసుకున్నారనుకున్నావు? తెలిసే పిలిచాం. ఒరే, నిలబడి చూస్తావేం, తిన్నావు కదా ఆవేళ, ఏమన్నా అయిందా నీకు?"

హర్జో చెవులు ఎర్రబడ్డాయి. చెప్పులు విడిచి చాప చివర కూర్చున్నాడు. ఒక ప్లేటు తీసుకుని రుమిని వైపు చాచాడు. "నాకూ పెట్టమ్మా" అన్నాడు.

రుమిని పెట్టింది. తర్వాత పక్కావిడ ప్లేటు వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. అందరివీ రాలేదు. ఇద్దరు ముగ్గురు ఇంట్లో పనుందని కండువాలు సర్దుకుని వెళ్ళిపోయారు. యులియాతి గుమ్మం దాకా నడిచి, రుమిని సంచి చేతిలోకి తీసుకుంది. వీధిలోకి విసురుతుందని రుమిని గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"నడిచే దారిలో పెడతారా ఎవరైనా? తట్టుకుని పడితే?" అని యులియాతి ఆ సంచిని ఇంటి వెనక వరస గదుల వైపు పట్టుకుపోయింది. "వసారా ఎందుకు, వానకు తడుస్తుంది" అని అక్కడి నుంచే, ఎవరితోనో తెలీకుండా అంది.

అవ్వ ఇంకా నిలబడే ఉంది. ఖాళీ ప్లేటు చూసి పొమ్మనేవాళ్ళు ఎవరూ లేరు. కాసేపటికి ఆ సంగతి ఆవిడకే తోచినట్టుంది, మెల్లగా చాప మీద కూర్చుని ప్లేటు రుమిని ముందుకు జరిపింది.

"ఇంకాస్త పెట్టు" అంది. రుమిని అలవాటుగా చెక్క హస్తం వైపు చెయ్యి చాచబోతే, "అది వద్దు, నా చేతికీ ఇవ్వకు" అంది అవ్వ.

రుమిని హస్తాన్ని అంట్లలో వేసి, కొబ్బరి చిప్పతో అన్నం పెట్టింది. కూర తెమ్మని పార్తి ఎవర్నో కేకేసింది.